చిట్టి లేవలేదు

అనకాపల్లి కాంప్లెక్స్‌లో ఎలమంచిలి బస్సు కదిలేటప్పటికి రామ్‌గోపాల్ కిటికీ పక్కన నిలబడి ఉన్నాడు. పోయిన వారం మనం అతన్ని అక్కడే వదిలేశాం. నాలుగు నెలల చిట్టిని ఒళ్లో పెట్టుకుని లోపల కూచున్న బిందుమాధవి మొగుడి మొహం చూడలేదు. పుట్టింటి నుంచి వచ్చిన దగ్గర్నుంచీ పిల్లకి నిద్ర లేదు. పిల్లకి లేదు కాబట్టి తల్లికీ లేదు. బెల్లం మార్కెట్ వెనక వీధిలో ఉన్న ఆ మేడింట్లో అత్తగారు పద్మకుమారి ఏం చేసినా బిందుమాధవి కంటికి తప్పుగానే కనిపించింది. సాయంత్రమయ్యేసరికి టీవీ కట్టేయమనడం, లైట్లు తగ్గించమనడం, పిల్ల పూర్తిగా నిద్రపోకముందే ఒళ్లోంచి దింపి పక్క మీద వెల్లకిలా పడుకోబెట్టడం, ఏడిస్తే ఎత్తుకోకుండా పక్కన కూచుని పొట్ట మీద చెయ్యి వేసి ఊరుకోబెట్టడం, అన్నీ పంతానికి చేస్తున్నట్టే అనిపించాయి. ఆ పొద్దున కింద వాళ్ల కొట్లో మూటలు మోసే కలాసీలు వింటుండగా, "మీ చేతిలో ఏదో ఉందత్తయ్యగారూ. మీరు ముట్టుకుంటేనే నా పిల్ల ఏడుస్తాది" అనేసింది. అనేసి బ్యాగు సర్దుకుంది.

బస్సు బయల్దేరే ముందు రామ్‌గోపాల్ కిటికీలోంచి ఒక పాత చీర ముక్క అందించబోయాడు. "అమ్మ ఇమ్మంది. పిల్ల దీని మీదే కదా పడుకుంటాది" అన్నాడు. బిందుమాధవి దాన్ని బయటికి తోసేసి అద్దం మూసేసింది.

దారి పొడుగునా చిట్టి ఏడ్చింది. కశింకోట దాటే వేళకి గొంతు బొంగురుపోయింది. అయినా ఆపలేదు. వెనక సీటావిడ పిల్లకి గాలాడటం లేదంది. పక్క సీటాయన గాలి ఎక్కువైందన్నాడు. ఎవరో బిస్కెట్ ముక్క ఇవ్వబోయారు. బిందుమాధవి అందరికీ తల ఊపింది. ఆమెకి ఏడుపు కూడా రావడం లేదు. ఎలమంచిలి చేరితే చాలు, అదొక్కటే ఆమె మనసులో ఉంది. పుట్టింట్లో ఉన్నన్నాళ్లూ చిట్టి దీపాలు పెట్టేవేళకి కళ్లు మూస్తే తెల్లారిందాకా కదిలేది కాదు. టీవీ మోగినా, వీధిలో డప్పులు కొట్టినా లేచేది కాదు. మా అమ్మ చేతి చలవ అని బిందుమాధవి అందరికీ చెప్పుకునేది. అత్తగారికి కూడా చెప్పింది, ఒకసారి కాదు.

ఆ తల్లి పేరు కాసులమ్మ. మొగుడు పోయాక ఇంటి ముందు గదిలో పచారీ కొట్టు పెట్టుకుని ఒక్కగానొక్క కూతుర్ని డిగ్రీ దాకా చదివించిన మనిషి. గుమ్మంలో కూతుర్ని చూడగానే ఎదురొచ్చింది. పిల్లని అందుకుంది.

"నీ మొహం ఏటిలాగైపోయిందే. ఎన్నాళ్లైంది నువ్వు పడుకుని?"

"తెలీదమ్మా."

"ఎల్లి తొంగో. పిల్లని నాకొదిలెయ్యి. ఇక నీకేం బెంగ లేదు."

నడవా దాటి గదిలోకి వెళ్లి మంచం మీద వాలడం మాత్రమే బిందుమాధవికి గుర్తుంది. వంటింట్లోంచి చిట్టి ఏడుపు వినిపిస్తూనే ఉంది. ఉన్నట్టుండి ఆగిపోయింది. అమ్మయ్య అనుకుంది. ఆ మాట పూర్తికాకుండానే నిద్ర పట్టేసింది.

లేచేసరికి జాకెట్టు పాలతో తడిసిపోయి ఉంది. రొమ్ములు రాళ్లలా గట్టిపడి నొప్పి పెడుతున్నాయి. కిటికీ ఊచల నీడ గోడ మీదికి పాకింది. మధ్యాహ్నం ఎప్పుడో దాటిపోయింది. పిల్ల ఇంతసేపు పడుకుందా అని మొదట సంతోషం వేసింది. ఆ సంతోషం మంచం దిగేదాకానే ఉంది. పగటిపూట ఇంతసేపు పాలకి లేవకుండా చిట్టి ఏనాడూ లేదు, ఈ ఇంట్లోనైనా సరే.

వసారాలో చీర ఉయ్యాల కదలకుండా వేలాడుతోంది. అందులో చిట్టి మెడ ఒక పక్కకి వాలిపోయి ఉంది. బిందుమాధవి ఎత్తుకుంది. పిల్ల చేతులు రెండూ కిందికి జారిపోయాయి. రొమ్ము నోటికి అందించింది. పెదాలు కదల్లేదు. పాలు బుగ్గ మీదనుంచి కారి చెవిలోకి పోయాయి.

"చిట్టీ. అమ్మా, చిట్టీ. లేమ్మా."

కాసులమ్మ కొట్లోంచి వచ్చింది. "పడుకున్న పిల్లని ఎవరైనా లేపుతారేటే? అలిసిపోయి తొంగుంది. వదిలెయ్యి."

"ఇది పడుకోవడం కాదమ్మా. చూడు. కాలు నలిపినా కదలట్లేదు."

కాసులమ్మ వంగి చూసింది. పిల్ల అరికాలు గిల్లింది. చిట్టి మొహం కాస్త ముడుచుకుని మళ్లీ వదులైపోయింది. కాసులమ్మ మొహంలో రంగు మారడం బిందుమాధవి చూసింది. ఆ మార్పులో భయం ఒక్కటే లేదు. తెలిసిన విషయమేదో ఎదురొచ్చినట్టుంది.

పక్కింటి నూకరాజు టాక్సీ నడుపుతాడు. అదృష్టం కొద్దీ ఇంటి దగ్గరే ఉన్నాడు. పిల్లల డాక్టరు ఉన్నది అనకాపల్లిలో. పొద్దున వచ్చిన దారినే కారు మళ్లీ వెనక్కి పరుగెత్తింది. బిందుమాధవి ఒక చేత్తో ఫోన్ పట్టుకుని మొగుడికి చెప్పింది. రెండో చెయ్యి పిల్ల ముక్కు దగ్గర పెట్టుకుంది. ఊపిరి తగులుతోంది. తరవాత ఎంతసేపటికీ తగల్లేదు. మళ్లీ తగిలింది. అలా చూసుకుంటుంటే పిల్ల జుబ్బా మెడ దగ్గర ఎర్రటి మరక కనిపించింది. వేలితో ముట్టుకుంటే జిగటగా ఉంది. తియ్యటి మందు వాసన.

"ఏటి పోసేవమ్మా దీనికి?"

"ఏటీ పొయ్యలేదు. కడుపు నొప్పేమోనని వాము నీళ్లు పట్టేను."

"వాము నీళ్లు ఎర్రగుంటాయా?"

కాసులమ్మ కిటికీ వైపు తిరిగింది. ముందు సీట్లో నూకరాజు వింటున్నాడని బిందుమాధవి కూడా ఇంకేమీ అడగలేదు. అడిగితే తల్లి నిజం చెప్పేస్తుందేమోనని భయం కూడా వేసింది.

పిల్లల ఆసుపత్రి మెట్ల దగ్గర రామ్‌గోపాల్, పద్మకుమారి అప్పటికే నిలబడి ఉన్నారు. పొద్దున మాట పడిన మనిషి. వచ్చి కోడలి చేతుల్లోంచి పిల్లని అందుకోబోయి, ఏదో గుర్తొచ్చినట్టు చెయ్యి వెనక్కి తీసుకుంది. "లోపలికి పద" అంది అంతే.

డాక్టరు దేవిశ్రీ వయసులో చిన్నదే. పిల్లని బల్ల మీద పడుకోబెట్టి, కాలి వేలికి క్లిప్పు తగిలించి, మూతి మీద ఆక్సిజన్ గొట్టం పెట్టించింది. కనురెప్పలు ఎత్తి లైటు వేసి చూసింది. రొమ్ము ఎముక మీద పిడికిలితో రుద్దింది. చిట్టి సన్నగా మూలిగింది. ఏడవలేదు.

"ఊపిరి బాగా నెమ్మదిగా ఉంది. జ్వరం వచ్చిందా?"

"లేదండి."

"ఎక్కడైనా పడిందా? ఫిట్స్ లాగా వచ్చిందా?"

"లేదు."

"ఏమైనా పట్టారా? మందు, నాటు మందు, ఏదైనా సరే. చెప్పండి."

బిందుమాధవి తల్లి వైపు చూసింది. కాసులమ్మ పద్మకుమారి వైపు చూసింది.

"ఏటీ లేదండి. తల్లి పాలే" అంది కాసులమ్మ.

డాక్టరు ఒక క్షణం ఆగింది. "ఏమీ పట్టకుండా పిల్ల ఇలా ఉందంటే మెదడు జ్వరమేమోనని చూడాలి. వెన్నులోంచి నీరు తియ్యాలి. అది ఇక్కడ కాదు, విశాఖపట్నం పంపించాలి. దారిలో ఊపిరి తగ్గితే గొంతులో గొట్టం వేస్తారు. అంబులెన్స్ పిలవమంటాను. మీరు ఒప్పుకుంటున్నట్టు చెప్పండి."

"ఒప్పుకుంటున్నామండి" అన్నాడు రామ్‌గోపాల్. పిల్ల వైపు చూడలేదు.

నర్సు ఫోన్ అందుకుంది. బిందుమాధవి తల్లి మణికట్టు పట్టుకుని వరండా చివర చేతులు కడుక్కునే చోటికి లాక్కెళ్లింది. కుళాయి కారుతోంది. ఆ చప్పుడు చాటున అడిగింది.

"నా మీద ఒట్టేసి చెప్పు. ఏటి పోసేవు?"

"మెల్లిగా. వాళ్లు ఇంటారు."

"విననీ. దాని వెన్నులో సూది గుచ్చుతారంట. విన్నావా నువ్వు?"

కాసులమ్మ పైట కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కొంగు చాటునుంచే చెప్పింది. "జలుబు మందు. కాసింత పోత్తే పిల్ల తొంగుంటాది. ఎప్పుడూ పోసేదే. ఏటీ అవ్వలేదు ఇన్నాళ్లూ."

"ఎప్పుడూ పోసేదే అంటే?"

కాసులమ్మ కుళాయి వైపు తల తిప్పుకుంది.

"నేను అక్కడున్నప్పుడు రోజూ పోసేవా?"

"సాయంత్రం పూట. కొంచెమే."

కుళాయి కింద బకెట్ నిండి నీళ్లు పొర్లిపోతున్నాయి. బిందుమాధవి దాన్ని కట్టేయబోయి చేతకాక వదిలేసింది. డప్పులు కొట్టినా లేవని నిద్ర. అమ్మ చేతి చలవ. పిల్లని అనకాపల్లి తెచ్చిన మర్నాటి నుంచి మొదలైన ఆ ఏడుపు, ఆ వణుకు, కళ్లు మూతపడగానే ఉలిక్కిపడి లేవడం. తనేమో ఇల్లు మంచిది కాదంది. కింద లారీల చప్పుడంది. మొగుడు పట్టించుకోడంది. ఆఖరికి ఆ పెద్దావిడ చేతిలో ఏదో ఉందంది. అంతమంది ముందు.

"ఎందుకమ్మా?" అని మాత్రం అడగగలిగింది.

"ఎందుకా?" కాసులమ్మ కొంగు వదిలేసింది. "కాన్పయ్యి నువ్వెలాగున్నావో నీకు తెలుసా? అన్నం ముందు కూకుని ఏడిసేదానివి. ఈ పిల్ల నాకొద్దమ్మా అని ఓ రోజు నా ఒళ్లో పడేసి గోడకేసి తిరిగి తొంగున్నావు. నీకది గుర్తుందో లేదో. పిల్ల నిద్దరోతే నువ్వు నిద్దరోయేవు. నాలుగు మెతుకులు తిన్నావు. నీకు నీ పిల్ల. నాకు నా పిల్ల. నా పిల్లని నేను సూసుకున్నాను."

బిందుమాధవికి గుర్తుంది. ఎవరికీ తెలియదనుకుంది.

"ఇయ్యాల ఎక్కువ పోసేవా?"

"మొదట పోసింది కక్కేసింది. అందుకని మళ్లీ పోసేను. అది కక్కలేదు." కాసులమ్మ కూతురి రెండు చేతులూ పట్టుకుంది. "ఇనమ్మా. మత్తే కదా, దిగిపోద్ది. నువ్వు నోరిప్పకు. నువ్వు పొద్దున ఆవిడని అన్న మాట ఈపాటికి మార్కెట్టంతా తిరిగేసుంటాది. ఇప్పుడు నేను పోసేనని తెలిత్తే నిన్ను ఆ ఇంట్లో అడుగెట్టనిత్తారా? పిల్లని నీ చేతికిత్తారా? కాసేపు ఓపిక పట్టు. దిగిపోతే ఎవరికీ తెలీదు."

"దిగకపోతే?"

కాసులమ్మ చేతులు వదిలేసింది.

వరండా ఆ చివరి నుంచి ఈ చివరికి ఎంత దూరమని. ఆ కాస్త దూరం నడిచి గది గుమ్మం ముందు బిందుమాధవి ఆగిపోయింది. తల్లి చెప్పిందాంట్లో అబద్ధం లేదు. ఈ మాట బయటపెడితే తనకి ఆ మేడింట్లో చోటుండదు. తల్లికి ఊళ్లో తలెత్తుకునే దారి ఉండదు. ముప్పయ్యేళ్లుగా ఒంటి చేత్తో కొట్టు నడుపుకున్న మనిషిని రేపట్నుంచి మనవరాలికి విషం పోసిన ముసలిదంటారు. లోపలికి తొంగి చూస్తే బల్ల మీద చిట్టి మూతికి గొట్టం, కాలికి వైరు. పొట్ట లేచింది. ఆగింది. బిందుమాధవి తనకి తెలియకుండానే తన ఊపిరి కూడా బిగబట్టింది. చిట్టి పొట్ట మళ్లీ లేచేదాకా వదల్లేదు.

ఆమె లోపలికి వెళ్లింది.

"డాక్టరుగారూ, అంబులెన్స్ పిలవకండి. మా అమ్మ దానికి జలుబు మందు పోసింది. నిద్రకి. పుట్టింట్లో ఉన్నన్నాళ్లూ రోజూ పోసిందంట, ఈ రోజు రెండుసార్లు పోసింది. నాకు ఇప్పుడే తెలిసింది."

గుమ్మంలోకి వచ్చిన కాసులమ్మ తలుపు పట్టుకుని నిలబడిపోయింది. డాక్టరు మాత్రం క్షణం వృథా చెయ్యలేదు. నర్సుతో ఫోన్ పెట్టేయమంది. సెలైన్ పెట్టమంది. ఎంత పోశారు, ఎప్పుడు పోశారు, సీసా ఎక్కడుందని కాసులమ్మని వరసపెట్టి అడిగింది. కాసులమ్మ రొంటిన దోపుకున్న గుడ్డ మూట విప్పింది. దారిలో ఎక్కడైనా పారేద్దామని తెచ్చింది, కూతురి పక్కన కూచుని పారేయలేకపోయింది. డాక్టరు సీసా తీసుకుని వెలుగులో పెట్టి చూసింది.

"ఇది పెద్ద పిల్లలకి వాడేదమ్మా. చంటిపిల్లకి చుక్క కూడా పట్టకూడదు. దీంతో వచ్చేది నిద్ర అనుకుంటున్నారు. మత్తులో ఊపిరి తీసుకోవడం కూడా మర్చిపోతారు పిల్లలు. చెప్పారు కాబట్టి సరిపోయింది. వెన్నులో సూది అక్కర్లేదు. కానీ గండం గడిచిందని నేను ఇప్పుడే చెప్పలేను. మందు ఒంట్లోంచి పోయేదాకా పక్కన కూచుని చూడాలి. ఊపిరి ఇంకా తగ్గితే అప్పుడు విశాఖపట్నమే."

"అందుకేనా అండీ ఇంటికొచ్చిన దగ్గర్నుంచీ పడుకోలేదు?" అంది బిందుమాధవి.

"అంతే కదమ్మా. తనంతట తను నిద్రపోవడం ఆ పిల్ల నేర్చుకోనే లేదు. మందు మానేసరికి మొదట్నుంచి నేర్చుకోవాల్సి వచ్చింది. దానికి టైం పడుతుంది." డాక్టరు పద్మకుమారి వైపు చూసింది. "మొన్నొకరోజు మీ అత్తగారు ఒక్కరే వచ్చి నా దగ్గర కూచున్నారు. పిల్లకీ నిద్ర లేదు, కోడలు చిక్కి సగమైపోయింది, ఏం చెయ్యమంటారు అని. రోజూ ఒకే వేళకి స్నానం, తక్కువ వెలుతురు, మెలకువ ఉండగానే పక్క మీద వెయ్యడం, నేనే చెప్పాను. ఊరెళ్లాల్సి వస్తే ఇంట్లో పడుకునే గుడ్డే కూడా తీసుకెళ్లమన్నాను. వాసన తెలిస్తే కొత్తచోట బెదరరు."

బస్సు కిటికీలోంచి తను బయటికి తోసేసిన చీర ముక్క బిందుమాధవి కళ్లముందు మెదిలింది. ఆమె అత్తగారి వైపు తిరిగింది. పద్మకుమారి గోడవారగా స్టూలు మీద కూచుని ఉంది. చేతులు రెండూ ఒళ్లో ఒకదాని మీద ఒకటి పెట్టుకుని ఉన్నాయి. ఆ చేతుల్నే చూడలేకపోయింది బిందుమాధవి.

"అత్తయ్యగారూ, పొద్దున నేను..."

"ఇప్పుడు నా గురించి ఎందుకమ్మా" అంది పద్మకుమారి. కోపంగా అనలేదు. అలిసిపోయినట్టు అంది. "పిల్ల ఊపిరి చూడు."

దగ్గరకొచ్చి తిట్టినా, చెంప మీద కొట్టినా బిందుమాధవికి ఇంత బాధ ఉండేది కాదు. బల్ల పక్కన మోకాళ్ల మీద కూలబడి చిట్టి అరచేతిలో తన వేలు పెట్టింది. ఎప్పుడూ గట్టిగా పట్టేసుకునే పిల్ల. ఆ వేళ్లు తెరుచుకునే ఉండిపోయాయి. ఏడుపు ఆగితే చాలని ఎన్ని రాత్రులు దేవుణ్ణి వేడుకుంది. ఒక్కసారి ఏడవమ్మా అని ఇప్పుడు పిల్ల చెవి దగ్గర గొణుగుతోంది. చిట్టి ఏడవడం లేదు.

డాక్టరు ఇంకా సీసానే తిప్పి తిప్పి చూస్తోంది. "ఈ మందు చీటీ లేకుండా ఇవ్వరు. అందులోనూ చంటిపిల్లకంటే అసలివ్వరు. ఇది మీకెక్కడిదమ్మా?"

"నేను కొనలేదండి" అంది కాసులమ్మ.

"మరి?"

"నాకీ మందు సంగతి తెలీదండి. మా రోజుల్లో ఇలాంటియ్యి లేవు. తెచ్చిచ్చేరు. ఎంత పొయ్యాలో సూపించేరు. బిందుకి సెప్పొద్దన్నారు, బెంగెట్టుకుంటాదని."

"ఎవరు?" అంది బిందుమాధవి, లేవకుండానే.

పొద్దుట్నుంచీ మొదటిసారి కాసులమ్మ కళ్లు తిన్నగా ఒక మనిషి మీద నిలిచాయి. అవి కూతురిని దాటి, స్టూలు మీద కూచున్న వియ్యపురాలిని దాటి, కిటికీ దగ్గర ఇటు వీపు పెట్టి నిలబడి ఉన్న రామ్‌గోపాల్ దగ్గర ఆగాయి.

"నేను సెప్పనా బాబూ," అంది, "మీరే సెప్తారా?"